హేల్డన్ చెప్పే పాఠం: నేతగాళ్లూ, ఊరి కౌన్సిలూ

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



నన్ను ‘నేత సమాజం – స్థానిక పాలన’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఈ మాట రాగానే మన సభల్లో ఎమ్మెల్యే టిక్కెట్లు ఎన్ని, ఎంపీ టిక్కెట్లు ఎన్ని అనే లెక్క మొదలవుతుంది. ఆ లెక్క అవసరమే. కానీ ఈవేళ నేను దాని జోలికి పోను. అన్నిటికంటే కింది మెట్టు మీదున్న కుర్చీ గురించి, అంటే ఊరి కౌన్సిలు గురించి మాట్లాడతాను. ఉదాహరణగా మాత్రం చాలా దూరంలో ఉన్న ఒక చిన్న ఊరిని తీసుకుంటున్నాను. దూరంలో ఉన్నా అది నేతగాళ్లు కాపురమున్న ఊరు. వాళ్ల కష్టం వింటే మీకు కొత్తగా అనిపించదు.

ఆ ఊరి పేరు హేల్డన్. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో, పాటర్సన్ నగరాన్ని ఆనుకొని ఉంటుంది. మన పిల్లలు చాలామంది ఆ రాష్ట్రంలో ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి న్యూజెర్సీ పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు. హేల్డన్ వైశాల్యం మూడు చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల్లో అక్కడున్నది 9,052 మంది. మన సోలాపూర్‌లోనో, బెంగళూరులోనో అయితే ఒక వార్డుకు కూడా చాలని జనం. అయినా దానికి సొంత మేయరు, సొంత కౌన్సిలు, సొంత పోలీసులు ఉన్నారు. ఇలాంటి ఊరిని అక్కడ ‘బరో’ అంటారు. బరోలూ, టౌన్‌షిప్‌లూ, సిటీలూ కలిపి న్యూజెర్సీలో ఇవాళ 564 మునిసిపాలిటీలు ఉన్నాయి.

హేల్డన్ ఎలా పుట్టిందో రెండు ముక్కల్లో చెప్తాను. పూర్వం అక్కడ మాంచెస్టర్ టౌన్‌షిప్ అని ఒకటి ఉండేది. అందులోంచి ఒక్కొక్క భాగం విడిపోతూ వచ్చింది. 1898లో టొటోవా, హాథార్న్ వేరుపడ్డాయి. 1901లో ప్రాస్పెక్ట్ పార్కు, నార్త్ హేల్డన్ వేరుపడ్డాయి. అన్నదమ్ములు వాటాలు పంచుకొని వెళ్లాక చివరికి మిగిలిన వాటా 1908 ఏప్రిల్ 8న హేల్డన్ బరో అయింది. అప్పట్లో జనాభా రెండున్నర వేలు. కొండ వాలు మీద చిన్న చిన్న ఇళ్లు, పెరట్లో కూరగాయలు. పాటర్సన్ మిల్లుల్లో పనిచేసే నేతగాళ్లలో నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్లు అక్కడ స్థలం కొనుక్కునేవారు.

పాటర్సన్ గురించి కూడా కొంచెం తెలియాలి. పసేయిక్ నది అక్కడ 77 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. ఆ నీటి బలంతో కార్ఖానాలు నడపాలని అలెగ్జాండర్ హామిల్టన్ పూనికతో 1791లో ఒక సొసైటీ పెట్టారు. ఆ తరువాత ఊరు నూలు మిల్లులు చూసింది, రైలింజన్లు చేసింది, చివరికి పట్టులో స్థిరపడింది. 20వ శతాబ్దం మొదటికల్లా నేత మిల్లులూ, రంగు కార్ఖానాలూ కలిపి మూడు వందల దాకా ఉండేవి. అందరూ దాన్ని ‘సిల్క్ సిటీ’ అనేవారు.

అక్కడ మగ్గాల ముందు నిలబడ్డదెవరు? ఇటలీలో బియెల్లా ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు, పోలండ్‌లోని లోడ్జ్ నుంచి వచ్చిన యూదులు, ఇంగ్లండులో మాక్లెస్‌ఫీల్డ్ నుంచి వచ్చినవాళ్లు, జర్మన్లు, స్విస్‌వాళ్లు. అందరూ తమ తమ దేశాల్లో నేత నేర్చుకొని, అక్కడ పూట గడవక వచ్చినవాళ్లే. మన పెద్దలు తెలంగాణ జిల్లాల నుంచి మూటాముల్లె నెత్తిన పెట్టుకొని సోలాపూర్‌కు, భివండికి వెళ్లిన కథకూ దీనికీ తేడా ఏముంది? తమిళ దేశంలో, కన్నడ దేశంలో, ఒడియా దేశంలో తరాల కిందటే స్థిరపడిన మన కుటుంబాల కథ కూడా ఇంతే. చేతిలో పని, నోట్లో వేరే భాష. రెండే ఆస్తులు.

అలా బియెల్లా నుంచి 1892లో వచ్చిన దంపతులు పియెత్రో బొత్తో, మరియా బొత్తో. ఆయన పట్టు నేతగాడు. ఆమె ఇంట్లో అద్దెకున్నవాళ్లకు వండిపెట్టేది. నేసిన పట్టు బట్టలో ముళ్లు, పోగులు ఏరి శుభ్రం చేసే పని మిల్లు నుంచి ఇంటికి తెచ్చుకొని చేసేది. నలుగురు ఆడపిల్లలు. ఇంటిల్లిపాదీ పనిచేసి, పైసా పైసా కూడబెట్టి 1908లో హేల్డన్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఊరు బరో అయిన సంవత్సరమూ అదే. ఆదివారం వస్తే తోటి ఇటాలియన్ నేతగాళ్లు వాళ్ల పెరట్లో చేరి పేకాడుకునేవారు, బంతులాట ఆడుకునేవారు. ఆ ఇంటికి మేడ మీద ఒక బాల్కనీ ఉంది. ఎదురుగా ఖాళీ మైదానం. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇక గొడవ దగ్గరికి వద్దాం. అప్పటిదాకా ఒక మనిషి రెండు మగ్గాలు చూసేవాడు. కొత్త మగ్గాలు వచ్చాయి కాబట్టి నాలుగు చూడమన్నారు. నాలుగు మగ్గాలు నడిపితే కూలి రెట్టింపు అవుతుందా? కాదు. పక్కవాడి పని పోతుంది, గజానికి కట్టే రేటు పడిపోతుంది, కళ్లూ కాళ్లూ అరిగిపోతాయి. సాంచాలు నడిపిన మనవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మనిషికి రెండు సాంచాల నుంచి నాలుగు, ఆరు, ఎనిమిది దాకా వచ్చిన దారి మనం నడిచిన దారే.

1913 జనవరి 27న డోహర్టీ మిల్లులో నాలుగు మగ్గాల విషయం మాట్లాడడానికి వెళ్లిన కార్మిక కమిటీలో నలుగురిని పనిలోంచి తీసేశారు. ఎనిమిది వందల మంది మగ్గాలు ఆపి బయటికి వచ్చారు. ఫిబ్రవరి 25న పట్టణమంతా సమ్మె. వెడల్పు పన్నా నేసేవాళ్లతో మొదలై రిబ్బను నేసేవాళ్లు, ఆవిరిలో, యాసిడ్లలో రోజంతా తడిసే రంగు కార్ఖానాల వాళ్లు కూడా కలిశారు. మొత్తం సుమారు పాతికవేల మంది. రోజుకు ఎనిమిది గంటల పని కావాలి, నాలుగు మగ్గాలు వద్దు, రంగు పనివాళ్లకు వారానికి కనీసం 12 డాలర్లు కావాలి. అడిగింది ఇదే.

సమ్మె మొదటి రోజే మాట్లాడడానికి వచ్చిన నాయకులను పాటర్సన్ పోలీసులు పట్టుకుపోయారు. ఎలిజబెత్ గర్లీ ఫ్లిన్, కార్లో ట్రెస్కా, పాట్రిక్ క్విన్లన్ ఆ రోజు అరెస్టయినవాళ్లు. సమ్మె ముగిసేలోగా సుమారు 1,850 మందిని జైల్లో పెట్టారు. పదిహేడేళ్ల హానా సిల్వర్‌మన్ అనే అమ్మాయి పికెటింగుకు ముందుండి, జైలుకెళ్లి, వచ్చి మళ్లీ నిలబడింది. ఆదివారం సభలు పెట్టుకోనివ్వలేదు. కార్మికులు చేరే హాళ్లు కూడా తరువాత మూయించారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. కూలి పెంచకపోవడం యజమాని చేతిలో పని. జనం ఒకచోట చేరకుండా చూడడం మాత్రం నగర పాలకుల చేతిలో పని. నేతగాడికి ఎదురుగా నిలబడ్డది మిల్లు ఒక్కటే అయితే లెక్క వేరుగా ఉండేది. మునిసిపాలిటీ కూడా అవతల పక్కన నిలబడింది.

అప్పుడు హేల్డన్ పనికొచ్చింది. ఆ ఊరి మేయరు విలియం బ్రూక్‌మన్. సోషలిస్టు. మా ఊరికి రండి, సభ పెట్టుకోండి అన్నాడు. బొత్తో దంపతులు మా ఇల్లు వాడుకోండి అన్నారు. ఆదివారం ఆదివారం పాటర్సన్ నుంచి ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అంతా నడుచుకుంటూ హద్దు దాటి హేల్డన్ చేరేవారు. మేడ మీది బాల్కనీలోంచి నాయకులు మాట్లాడేవారు. బిల్ హేవుడ్, ఫ్లిన్, ట్రెస్కా, రచయిత అప్టన్ సింక్లెయిర్, జాన్ రీడ్ అక్కడ నిలబడినవాళ్లే. ఇటాలియన్‌లో ఒకరు, జర్మన్‌లో ఒకరు, ఇంగ్లీషులో ఒకరు మాట్లాడేవారు. ఎదుటి మైదానంలో ఇరవై వేల మంది దాకా చేరిన ఆదివారాలున్నాయి. రెండున్నర వేల జనాభా ఉన్న ఊళ్లో ఇరవై వేల మంది!

ఆ మేయరు చేసిన పనేమిటో నిదానంగా ఆలోచించండి. ఆయన కూలి పెంచలేదు, పెంచే అధికారం ఆయనకు లేదు. నాలుగు మగ్గాలు వద్దని చట్టం చేయలేదు, అదీ ఆయన చేతిలో లేదు. ఖజానాలోంచి డబ్బు పంచలేదు. ఆయన చేతిలో ఉన్నది మూడు చదరపు కిలోమీటర్ల నేల, కొద్దిమంది పోలీసులు. పాటర్సన్ ఆంక్షలు ఆ గీత దాటి చెల్లవు. ఆ గీత ఇవతల నేతగాడు భయం లేకుండా నిలబడొచ్చు, పక్కవాడితో మాట్లాడుకోవచ్చు. అంతే ఆయన ఇచ్చింది. వారమంతా దెబ్బలు తిని, పస్తులుండి వచ్చినవాళ్లు ఆ ఒక్క పూటా ఒకరి మొహం ఒకరు చూసుకొని, మళ్లీ వారానికి సరిపడా ధైర్యం మూటగట్టుకొని వెళ్లేవారు. అయిదు నెలలు సమ్మె నిలబడడానికి ఆ ఆదివారాలు ఎంత ఉపయోగపడ్డాయో చెప్పనక్కరలేదు.

మార్చి నెలలో జరిగిన ఒక సంగతి మన సభలో తప్పక చెప్పాలి. మిల్లు యజమానులు ఊరంతా అమెరికా జెండాలు కట్టి, దేశభక్తి ఉంటే పనిలోకి రండి అన్నారు. నేతగాళ్లు చిన్న జెండాలు గుండెకు పెట్టుకొని వీధుల్లోకి వచ్చారు. ఈ జెండా బట్ట నేసింది మేము, దానికి రంగు అద్దింది మేము, దాని పేరు చెప్పి మమ్మల్ని వంచలేరు అనే అర్థం వచ్చే మాటలు దాని కింద రాసుకున్నారు. జెండా ఎవరిదంటే ముందు నేసినవాడిది. ఈ మాట మనకు ఎంత బాగా తెలుసు!

సమ్మె గెలిచిందా? గెలవలేదు. జూన్ 7న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వెయ్యి మందికి పైగా కార్మికులు తమ సమ్మెనే నాటకంగా ఆడి చూపించారు. జనం వచ్చారు గానీ డబ్బు మిగల్లేదు. పిల్లలను న్యూయార్కులో దయగల వాళ్ల ఇళ్లకు పంపించుకోవలసి వచ్చింది. పెద్ద యజమానులకు పెన్సిల్వేనియాలో వేరే మిల్లులున్నాయి. అక్కడ గని కార్మికుల ఆడపిల్లలకు తక్కువ కూలి ఇచ్చి నేయించుకుంటూ ఇక్కడ తాళం వేసి కూర్చోగలిగారు. పని తక్కువ కూలి ఉన్న చోటికి వెళ్లిపోవడం మనకూ తెలిసిన జబ్బే. జూలై చివరికల్లా ఒక్కో మిల్లు వాళ్లు విడివిడిగా లోపలికి వెళ్లిపోయారు.

కానీ మాట్లాడే చోటు కోసం కొట్లాట ఆగలేదు. 1924లో పాటర్సన్‌లో మళ్లీ పట్టు సమ్మె. మళ్లీ హాళ్లు మూశారు. సిటీ హాలు ముందు సభ పెట్టబోయిన రోజర్ బాల్డ్విన్‌ను పట్టుకొని, 1796 నాటి పాత చట్టం కింద శిక్ష వేశారు. 1928లో రాష్ట్ర పై కోర్టు ఆ శిక్ష కొట్టేసింది. అదే రాష్ట్రంలో జెర్సీ సిటీ మేయరు ఫ్రాంక్ హేగ్ పర్మిట్ లేకుండా సభ పెట్టకూడదన్నప్పుడు 1939లో దేశ సుప్రీంకోర్టు వీధులూ, పార్కులూ జనం చేరి మాట్లాడుకోవడానికి కూడా ఉన్నవేనని తేల్చి చెప్పింది. హేల్డన్ మేయరు 1913లో చట్టం పుస్తకం తిరగేయకుండానే చేసిన పని, సుప్రీంకోర్టు గట్టిగా చెప్పడానికి 26 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ ఊరు ఎలా నడుస్తుందో చెప్తాను. మేయరుకు నాలుగేళ్ల పదవి. ఆరుగురు కౌన్సిల్ సభ్యులకు మూడేళ్లు. ఆరు సీట్లకూ ఒకేసారి ఎన్నిక ఉండదు, ఏటా రెండు సీట్లకు ఉంటుంది. అంటే ఊరి వాళ్ల దగ్గరికి ఓటడగడానికి ఏటా ఎవరో ఒకరు రావలసిందే. కౌన్సిలు సభలు తలుపులు వేసుకొని జరపడానికి లేదు. 1975లో వచ్చిన చట్టం ప్రకారం ముందుగా నోటీసు ఇవ్వాలి, అజెండా పెట్టాలి, మినిట్స్ రాయాలి. ఊరివాళ్లు లేచి మాట్లాడడానికి కొంత సమయం కేటాయించాలి. బడ్జెట్ మీద జనం అభిప్రాయం విన్నాకే ఆమోదించాలి. చెత్త బండి, మురికి కాలువ, వీధి దీపం, ఇంటి పన్ను, అన్నీ అక్కడే తేలతాయి.

అంతా బంగారమని నేను అనను. ఊరు చిన్నదైతే గోడలు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. హేల్డన్, ప్రాస్పెక్ట్ పార్కు, నార్త్ హేల్డన్ మూడింటికీ కలిపి ఒకే హైస్కూలు ఉంది. ఖర్చు ఆస్తుల విలువను బట్టి పడడంతో ఖరీదైన ఇళ్లున్న నార్త్ హేల్డన్‌కు ఎక్కువ భారం పడింది. మేం విడిపోతాం అన్నారు. వాళ్లు విడిపోతే తెల్లపిల్లలు తగ్గి, బడిలో రకరకాల పిల్లలు కలిసి చదువుకోవడం దెబ్బతింటుందని 2004లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఖర్చు పంపకం మాత్రం న్యాయంగా సవరించమంది. మన సంఘాలకు కూడా ఈ తీర్పు పనికొస్తుంది. భారం ఎక్కువైతే వాటా సవరించమని అడగాలి, పిల్లలను విడదీయకూడదు.

హేల్డన్‌లో ఇవాళ పట్టు నేత లేదు. స్పానిష్ మాట్లాడేవాళ్లు, అరబ్బు దేశాల నుంచి వచ్చినవాళ్లు అక్కడ ఇళ్లు కొనుక్కున్నారు. బొత్తో వాళ్ల ఇల్లు మాత్రం ఉంది. 1982లో దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. అందులో అమెరికన్ లేబర్ మ్యూజియం నడుస్తోంది. ఒక నేతగాడి ఇంటిని ఒక దేశం కాపాడుకుంటోంది.

ఇక మన సంగతికి వస్తాను.

మునిసిపాలిటీ గొప్పతనం మనకు ఒకరు నేర్పవలసింది కాదు. సోలాపూర్ మునిసిపల్ భవనం మీద 1930 ఏప్రిల్ 6న, తెల్లవాడి రాజ్యం ఉండగానే, జాతీయ జెండా ఎగిరింది. మగ్గాల ఊరు, మిల్లుల ఊరు అది. ఆ తరువాత మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా అనే నలుగురిని 1931 జనవరి 12న ఉరితీశారు. యానాంలో 1880 ఫ్రెంచి డిక్రీతోనే మునిసిపల్ కౌన్సిలు, మేయరు వచ్చారు. మన తాతలకు ఈ కుర్చీ విలువ తెలుసు.

మరి ఇవాళ? రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. కౌన్సిలు గడువు అయిదేళ్లు, అది తీరేలోపే ఎన్నిక జరగాలి అని అందులో ఉంది. జరుగుతోందా? పుదుచ్చేరిలో, అంటే మన యానాంలో కూడా, 1968 తరువాత 2006 దాకా మునిసిపల్ ఎన్నికే లేదు. ఆ కౌన్సిలు గడువు 2011లో తీరింది. 2021లో నోటిఫికేషన్ ఇచ్చి ఆపేశారు. సోలాపూర్, భివండి కార్పొరేషన్లు 2022లో గడువు తీరాక ఏళ్ల తరబడి అడ్మినిస్ట్రేటర్ చేతిలో నడిచాయి. బెంగళూరులో 2020 సెప్టెంబరులో కౌన్సిలు పోయాక అదే పరిస్థితి. తమిళనాడు పట్టణాల్లో 2011 తరువాత మళ్లీ ఎన్నిక 2022లోనే. ఎమ్మెల్యే ఎన్నిక ఒక్క నెల ఆలస్యమైతే దేశమంతా గోల. వార్డు ఎన్నిక పదేళ్లు ఆగినా మన సంఘం నుంచి ఒక్క వినతిపత్రం వెళ్లదు. అడ్మినిస్ట్రేటరు మంచివాడే కావచ్చు. కానీ ఆయన ఓటడగడానికి మన గుమ్మం ఎక్కడు, కాబట్టి మన కాలువ ఆయన కంట పడదు.

నేత పనివాడికి వార్డుతో ఏం పని అంటారా? ఇంట్లో నాలుగు సాంచాలు పెట్టుకుంటే దానికి ఇంటి పన్నా, వ్యాపారం పన్నా అనేది అక్కడ తేలుతుంది. అద్దకం నీళ్లు ఏ కాలువలోకి పోతున్నాయి, ఆ కాలువ ఎవరి ఇంటి ముందు పొంగుతోంది అనేది అక్కడ తేలుతుంది. కండెలు చుట్టే ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు వీధిలో లైటు ఉందా, అదీ అక్కడే. భాష సంగతి కూడా. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయడానికి రాష్ట్రాలూ, స్థానిక సంస్థలూ ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ పేరుపెట్టి చెప్పింది. ముంబై కార్పొరేషన్ తెలుగు బడులు నడిపింది. పిల్లలు తగ్గారని బడి మూసేటప్పుడు ఆ గదిలో మన మనిషి ఒకరుంటే కనీసం ఒక మాట అడుగుతారు కదా.

అందుకని సమాఖ్య ముందు నాలుగు మాటలు పెడుతున్నాను. ఒప్పుకుంటే తీర్మానం చేయండి, లేదంటే చర్చించండి.

మొదటిది. ఎన్నిక గడువు దాటిన ప్రతి ఊళ్లోనూ మన స్థానిక సంఘం లిఖితపూర్వకంగా అడగాలి. పార్టీ మాట ఎత్తక్కరలేదు, తేదీ మాత్రం అడిగితే చాలు.

రెండవది. వార్డు కమిటీలు, ఏరియా సభలు ఉన్న చోట మనవాళ్లు వెళ్లి కూర్చోవాలి. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెప్పింది. తమిళనాడులో 2022లో ఏరియా సభలు మొదలయ్యాయి. ఇద్దరు చదువుకున్న పిల్లలు వెళ్లి, ఏం మాట్లాడారో రాసుకొచ్చి మన వాట్సాప్ గ్రూపులో పెడితే సగం పని అయినట్టే. పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య అదొకటి రానివ్వండి.

మూడవది ఆడవాళ్ల సంగతి. హేల్డన్ మైదానంలో నిలబడ్డ ఆడవాళ్లకు ఆ రోజు ఓటే లేదు. అమెరికాలో ఆడవాళ్లందరికీ ఓటు హక్కు రాజ్యాంగంలోకి ఎక్కింది 1920లో. మన ఆడవాళ్లకు ఓటూ ఉంది, మూడో వంతు సీట్లూ ఉన్నాయి. మహారాష్ట్ర, తమిళనాడు లాంటి చోట్ల సగం సీట్లున్నాయి. అయినా గెలిచేది అక్క, ఫోను ఎత్తేది బావగారు. నవ్వుతున్నారు, అంటే నిజమేనన్నమాట. ఈసారి అక్కనే మాట్లాడనివ్వండి.

నాలుగవది కొంచెం కష్టమైన మాట. పెద్దలు కోప్పడకూడదు. ప్రతి ఊళ్లోనూ మన సంఘానికి ఒక భవనం ఉంది, కల్యాణ మండపం ఉంది. చెమటోడ్చి కట్టుకున్నాం. నెలకు ఒక్క ఆదివారం ఆ హాలు మగ్గం పనివాళ్లకు అద్దె లేకుండా ఇవ్వగలమా? మన దగ్గర ఆసామీ మనవాడే, కూలీ మనవాడే. రేటు దగ్గర ఇద్దరికీ పేచీ వస్తుంది. అది సహజం. పేచీ ఉంది కదా అని హాలుకు తాళం వేస్తే మనం పాటర్సన్ అవుతాం. కుర్చీలు వేసి, ఇద్దరినీ మాట్లాడుకోండి అంటే మనం హేల్డన్ అవుతాం. భివండిలో ఇవాళ సాంచాల ముందు యూపీ, బీహార్ పిల్లలు కూడా నిలబడుతున్నారు. వాళ్లకూ ఆ ఆదివారం తలుపు తెరిచి ఉండాలి. ఒకప్పుడు ఆ ఊళ్లలో భాష రాని కొత్తవాళ్లం మనమే. బొత్తో వాళ్లు ఎవరి కులం, ఎవరి భాష అని అడిగి బాల్కనీ ఎక్కించలేదు.

మనవాళ్లు పార్లమెంటు దాకా వెళ్లారు. అది మనకు గర్వం. ఇంకా వెళ్లాలి. కానీ నేతగాడికి కష్టమొచ్చిన రోజున ఢిల్లీ దూరం, కౌన్సిలు దగ్గర. రెండున్నర వేల మంది ఊరి మేయరు ఒకాయన, ఒక నేతగాడి ఇల్లు, ఎదురుగా ఒక ఖాళీ జాగా. ఇవి మూడూ కలిస్తే పాతికవేల మంది తలెత్తుకొని నిలబడ్డారు. మన ప్రతి వార్డులోనూ ఒక కౌన్సిలరు సీటు ఉంది, ఒక సంఘ భవనం ఉంది, ఎంతో కొంత ఖాళీ జాగా ఉంది. వాటిని వాడుకోవడం మన చేతిలో పని.